చెల్లని వేగం: వైఫైలో ఒక అంకె జీవిత కథ

ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్ తెరిచి, కనెక్ట్ అయి ఉన్న నెట్‌వర్క్ పేరు మీద నొక్కండి. వివరాల్లో లింక్ స్పీడ్ అనే వరసలో 72 అనో, 144 అనో, 433 అనో ఒక అంకె కనిపిస్తుంది. పక్కన ఎంబీపీఎస్ అని ఉంటుంది, అంటే సెకనుకు అన్ని మెగాబిట్లు. నెలనెలా డబ్బు కట్టే ఇంటర్నెట్ ప్యాక్ వేగం వేరు, ఇది వేరు. గోడకు తగిలించిన రూటరూ చేతిలోని ఫోనూ ఆ క్షణాన గాలిలో ఎంత వేగంతో మాట్లాడుకుంటున్నాయో చెప్పే అంకె ఇది. ఫోను పట్టుకుని వరండాలోకి వెళితే తగ్గుతుంది. గదిలోకొస్తే పెరుగుతుంది. అయితే ఇష్టమొచ్చినట్టు మారడానికి వీల్లేదు. ముందే రాసిపెట్టిన జాబితా ఒకటుంది, అందులో ఉన్న వేగాల్లో ఏదో ఒకటే అయి ఉండాలి. జాబితాలో లేని అంకెను ఎవరైనా అడిగితే ఏం చెయ్యాలి? వైఫై చిప్‌కూ కంప్యూటర్‌కూ మధ్య మాటలు చేరవేసే డ్రైవర్ అనే ప్రోగ్రామును రాసేవాళ్లందరికీ మొదటి నుంచీ ఎదురవుతున్న ప్రశ్న ఇది.

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ఇంటింటికీ తీగ మీద ఇంటర్నెట్ రావడం ఈ మధ్య మాటే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు రూ.149 దాని మొదటి ప్యాకేజీ. గోతులు తవ్వి పూడ్చే పని లేకుండా కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగారు కాబట్టి ఖర్చు కలిసొచ్చింది. ఆ గాజు తీగలో సమాచారం కిలోమీటర్ల కొద్దీ నడిచినా పెద్దగా నష్టపోదు. ఇంటి గుమ్మం దాటాక మిగిలిన ఆఖరి పది గజాలు మాత్రం గాలిలో నడవాలి. రాతిగోడల పాత ఇళ్లలో, పలకల షెడ్డు వెనకున్న ఆఫీసు గదిలో, నల్లమల అంచున అర్ధవీడు, దోర్నాల వైపు పక్కింటి రూటర్‌తో సర్దుకునే చోట, నెట్ రావట్లేదన్న ఫిర్యాదు చాలాసార్లు ఆ పది గజాల గురించే.

మార్కాపురం పలకల ఊరు కాబట్టి అసలు సంగతి పలక మీదే చెప్పుకోవచ్చు. ఇక్కడి గనుల రాతితో చేసిన పలకలు ఎన్నో రాష్ట్రాల బడుల్లోకి వెళ్లాయి. పలక మీద చిన్న అక్షరాలు రాస్తే చాలా మాటలు పడతాయి, కానీ ముందు వరసలో కూర్చున్నవాళ్లే చదవగలరు. వెనక వరసవాళ్లకు కనపడాలంటే పెద్ద అక్షరాలు రాయాలి, అప్పుడు పలక నిండా రెండు మాటలే. వైఫై వేగం ఈ లెక్క మీదే నడుస్తుంది. సిగ్నల్ బలంగా అందే చోట ఒక్కో రేడియో సంకేతం మీద ఆరు బిట్లు, ఎనిమిది బిట్లు ఎక్కిస్తారు. కొత్త పరికరాల్లో పది, పన్నెండు కూడా. సిగ్నల్ పలచబడ్డ చోట ఒక్క బిట్టే. దారిలో కొన్ని చెడిపోతాయని ముందే తెలుసు కాబట్టి వాటిని సరిచేసుకోవడానికి అదనపు బిట్లు కలుపుతారు. 1/2 అంటే సగం అసలు సమాచారం, సగం రక్షణ. 5/6 అంటే ఆరింట అయిదు అసలువి, ఒకటి రక్షణ. సంకేతానికి ఎన్ని బిట్లు, అందులో రక్షణ ఎంత అన్న రెండూ ఖాయమైతే ఒక వేగం పుడుతుంది. పంపేవాడు ఏ వేగంలో పంపాడో వినేవాడికి అర్థం కాకపోతే వచ్చినదంతా రొదే.

రేడియో నెట్‌వర్క్‌లు పుట్టినప్పుడు ఈ వేగాల గొడవ లేదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య రేడియోలో కంప్యూటర్లను కలిపిన అలోహానెట్‌కు ఉన్నది ఒకే వేగం, సెకనుకు 9600 బిట్లు. 1985లో అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ కొన్ని రేడియో పట్టీలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని తెరిచింది. 2.4 గిగాహెర్ట్జ్ అందులో ఒకటి. మైక్రోవేవ్ పొయ్యిలు పనిచేసేదీ ఆ పట్టీలోనే. నెదర్లాండ్స్‌లోని ఎన్‌సీఆర్ కంపెనీ ఇంజనీర్లు దుకాణాల్లో క్యాష్ రిజిస్టర్లను తీగలు లేకుండా కలిపేందుకు వేవ్‌లాన్ అనే కార్డు తయారుచేశారు. వాళ్లలో ఒకరైన విక్ హేస్ 1990 నుంచి పదేళ్ల పాటు, వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణాల కమిటీకి అధ్యక్షత వహించారు. 1997లో మొదటి ప్రమాణం వచ్చేసరికి అందులో రెండు వేగాలున్నాయి: 1, 2 ఎంబీపీఎస్. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది 2005 జనవరిలో. 5 గిగాహెర్ట్జ్ విశాలంగా తెరుచుకున్నది 2018 అక్టోబరులో.

రెండు వేగాలున్నాయంటే వాటిలో ఒకదాన్ని ఎంచుకునే పని ఉన్నట్టే. మనిషి కూర్చుని క్షణానికోసారి మార్చలేడు. 1997లోనే వేవ్‌లాన్ తరవాతి కార్డు కోసం ఆడ్ కామెర్మన్, లియో మాంటెబాన్ ఒక పద్ధతి రాశారు. వైఫైలో పంపిన ప్రతి ప్యాకెట్‌కూ అందిందని అవతలి నుంచి చిన్న జవాబు రావాలి. వరసగా రెండు జవాబులు రాకపోతే వేగం ఒక మెట్టు తగ్గించు. వరసగా పది జవాబులు వస్తే ఒక మెట్టు పెంచి చూడు. పెంచాక మొదటి ప్యాకెట్టే పోతే వెంటనే దిగిపో. ఇంతే. ఆటో రేట్ ఫాల్‌బ్యాక్ అని దీనికి పేరు. నాలుగు వాక్యాల్లో ఇమిడిన ఈ పద్ధతి నుంచే తరవాతవన్నీ ఎదిగాయి. దీని లోపం కూడా తరవాతవాటికి పాఠమైంది. జవాబు ఎందుకు రాలేదో దానికి తెలియదు. దూరం వల్లనా, పక్కింటి రూటర్ అదే క్షణంలో మాట్లాడినందుకా, వంటింట్లో మైక్రోవేవ్ వెలిగినందుకా అన్నది తేల్చుకోలేక అన్నిటికీ వేగం తగ్గించేసేది.

1999లో 802.11బీ వచ్చి 5.5, 11 ఎంబీపీఎస్ కలిపింది. అదే ఏడు 802.11ఏ ప్రమాణం 5 గిగాహెర్ట్జ్‌లో 6, 9, 12, 18, 24, 36, 48, 54 అనే ఎనిమిది వేగాలు తెచ్చింది. 2003లో 802.11జీ ఈ ఎనిమిదినీ 2.4లోకి దింపి పాత నాలుగింటితో కలిపేసింది. మొత్తం పన్నెండు. రూటర్ తన వేగాల జాబితాను గాలిలో ప్రకటించే గడిలో ఎనిమిదికే చోటుంది! మిగిలిన నాలుగింటి కోసం అదనపు జాబితా అని ఇంకో గడి తగిలించాల్సి వచ్చింది. మొదటి గడి చదివి రెండోదాన్ని పట్టించుకోని డ్రైవర్‌కు అవతలి వేగాల్లో కొన్ని తెలియనే తెలియవు.

చెల్లని వేగాలు ఎక్కణ్నుంచి పుడతాయో చూడాలంటే 11 అనే ఒక్క అంకెను పట్టుకుని వెళ్లండి. మనకు 11 అంటే 11 ఎంబీపీఎస్. గాలిలో ప్రకటించే జాబితాలో వేగాన్ని అర మెగాబిట్ల లెక్కన రాస్తారు, 5.5ను కూడా పూర్ణాంకంగా రాయగలగాలి కాబట్టి. అక్కడ 11 అంటే 5.5 ఎంబీపీఎస్, అసలు 11 కావాలంటే 22 అని రాయాలి. అథెరాస్ కంపెనీ పాత చిప్‌లకు సొంత సంకేతాలున్నాయి. వాటిలో 11 అంటే 6 ఎంబీపీఎస్, 12 అంటే 54, 24 అంటే 11. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ లోపల లెక్క 100 కిలోబిట్ల చొప్పున, కాబట్టి 11 ఎంబీపీఎస్‌ను అక్కడ 110 అని రాసుకుంటారు. ఉత్త 11 అంటే 1.1 అవుతుంది, అలాంటి వేగమే లోకంలో లేదు. ఇక పాత లినక్స్‌లో వేగం మార్చడానికి వాడిన ఐడబ్ల్యూకాన్ఫిగ్ అనే కమాండ్ ఉంది. అంకె తరవాత మెగా అని తెలిపే ఎం అక్షరం పెట్టాలి. అది లేకుండా 1000 లోపు అంకె ఇస్తే దాని అర్థం కార్డును బట్టి ఉంటుంది, మామూలుగా అది జాబితాలో వరస సంఖ్య. సున్నా నుంచి లెక్కపెట్టే పన్నెండు వేగాల జాబితాలో 11వ స్థానం ఆఖరిది. అంటే 11 అడిగినవాడికి 54 దొరుకుతుంది. 54 అని కొట్టినవాడికి ఏదీ దొరకదు, ఆ జాబితాలో 54వ స్థానం లేదు గనక.

ఒకే అంకెకు ఒక్కో అంతస్తులో ఒక్కో అర్థం. డ్రైవర్ పని ఈ అంతస్తుల మధ్య తర్జుమా. ఒక్క పట్టిక తప్పితే, ఒక్క భాగహారం మరిచితే, చెల్లని వేగం చిప్ దాకా వెళ్లిపోతుంది.

మంచి డ్రైవర్ దగ్గర దీనికి ఒక సూటి జవాబుంది. వేగం అడిగిన కమాండ్‌ను తీసుకుని, కార్డుకు తెలిసిన వేగాల జాబితాలో ఒక్కొక్కటే పోల్చి చూస్తుంది. కలిస్తే ఆ వేగానికి మారుతుంది. ఏదీ కలవకపోతే మైనస్ 22 అనే అంకెను తిరిగిస్తుంది. లినక్స్ కూడా చేరే యూనిక్స్ కుటుంబంలో దాని అర్థం ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్, మీరిచ్చిన విలువ చెల్లదు అని. తెర మీద సెట్ ఫెయిల్డ్ అని పడుతుంది. పాత వేగం అలాగే ఉంటుంది, నెట్ ఆగదు. నా దృష్టిలో డ్రైవర్ చేయగల అత్యుత్తమ మర్యాద ఇదే. అడిగిన మనిషికి తన తప్పు ఆ నిమిషానే తెలుస్తుంది. ఇంకో రకం డ్రైవర్లు అడిగినదానికి దగ్గరున్న వేగాన్ని తామే ఎంచుకుంటాయి. అన్నిటికన్నా చేటు చేసేవి మూడో రకం. సరేనని విజయ సంకేతం ఇచ్చి, లోపల ఏమీ మార్చకుండా ఊరుకుంటాయి. వాటితో వేగం కట్టేశామని నమ్మిన మనిషి, ఆ తరవాత తన కొలతలన్నీ ఆ నమ్మకం మీదే కడతాడు.

ఇది పంపేవైపు. వినేవైపు ఇంకా కష్టం, అక్కడ తప్పు అంకెను మనిషి ఇవ్వడు, గాలి ఇస్తుంది. 54 ఎంబీపీఎస్ కుటుంబంలో ప్రతి ప్యాకెట్ ముందూ 24 బిట్ల చిన్న తలకట్టు వస్తుంది. అది ఎప్పుడూ అతి భద్రమైన 6 ఎంబీపీఎస్ వేగంలో, 4 మైక్రోసెకన్లలో వచ్చేస్తుంది. వెనకొచ్చే సరుకు ఏ వేగంలో ఉందో అందులో నాలుగు బిట్లు చెబుతాయి. 12 బిట్లు పొడవు చెబుతాయి. ఒక బిట్టు ముందు బిట్ల సరి బేసి తనిఖీకి. ఒకటి ఖాళీ, ఆరు ముగింపు సున్నాలు. నాలుగు బిట్లతో 16 రకాలు రాయొచ్చు, చెల్లేవి ఎనిమిదే. 6కు 1101, 54కు 0011. ఎనిమిదింటిలోనూ ఆఖరి బిట్టు 1 ఉండేలా ఏర్పాటు చేశారు. అక్కడ 0 కనిపిస్తే చదువుతున్నది వైఫై ప్యాకెట్ కాదు, ఏదో రొద. కేవలం రొద వచ్చినా సరి బేసి తనిఖీని రెండింట ఒకసారి దాటేస్తుంది. వేగం తనిఖీ కూడా పెడితే నాలుగింట ఒకసారే దాటుతుంది. మిగిలిన ఆ ఒకసారి చిప్ మోసపోయి, లేని ప్యాకెట్‌ను పొడవు ప్రకారం వింటూ కూర్చుంటుంది.

చిప్ చెప్పిన వేగం కూడా డ్రైవర్ పట్టికలో లేనిదైతే? లినక్స్‌లో పాత అథెరాస్ చిప్‌లను నడిపే ఏటీహెచ్5కే డ్రైవర్ అలాంటప్పుడు ఇన్‌వాలిడ్ అని కంప్యూటర్ చిట్టా అయిన లాగ్‌లో గట్టిగా రాసి, అతి తక్కువ వేగంలో వచ్చిందని అనుకుని ముందుకు పోతుంది. దాని పైనున్న మ్యాక్80211 అనే ఉమ్మడి భాగం ఇంకా కఠినం. కొత్త తరం వేగమని డ్రైవర్ చెప్పి, 0 నుంచి 76 దాకా ఉన్న సంఖ్యల్లో లేనిది ఇస్తే, హెచ్చరిక రాసి ఆ ప్యాకెట్‌నే పారేస్తుంది. ఒకటి సర్దుకుపోతుంది, ఒకటి తిప్పి పంపుతుంది. రెండూ సరైనవే అనుకుంటాను. ప్యాకెట్ బాగానే ఉండి దాని మీది చీటీ ఒక్కటే తప్పని డ్రైవర్‌కు నమ్మకం ఉంటే సర్దుకోవచ్చు. చీటీయే నమ్మదగ్గది కానప్పుడు సరుకునూ నమ్మకూడదు. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒకటే, తప్పు జరిగిందని లాగ్‌లో అందరికీ కనపడేలా రాయడం.

ఇంకో చిక్కు ఉంది. ఒక్కో వేగమూ విడిగా సక్రమమే, కలిపితే చెల్లనివి. కార్డును 54లోనే మాట్లాడమని కట్టేశారు. అవతలి పరికరం 11 దాకానే వచ్చిన పాతది. రెండు జాబితాల్లో ఉమ్మడి వేగం ఒక్కటీ లేదు. ఇక ఏ వేగంలో పంపాలి? లినక్స్‌లో వేగాలను ఎంచుకునే భాగం ఇక్కడికొచ్చినప్పుడు, ఈ స్టేషన్‌కు, అంటే అవతలి పరికరానికి, సరిపడే వేగం లేదని హెచ్చరిక రాస్తుంది. అందుకే కమాండ్ అందుకునే చోటే ఒక గేటు పెట్టారు. ఒక పట్టీలో అన్ని వేగాలూ తీసేసి ఖాళీ జాబితా ఇస్తే, అక్కడికక్కడే అదే మైనస్ 22. అవతలివాళ్ల జాబితా మాత్రం గేటు దగ్గర తెలియదు. ఎవరొచ్చి కలుస్తారో ముందుగా ఎవరు చెప్పగలరు?

రూటర్ వైపు దీనికి ప్రమాణంలోనే విరుగుడు ఉంది. రూటర్ కొన్ని వేగాలను తప్పనిసరి అని గుర్తుపెట్టి ప్రకటిస్తుంది. అవన్నీ రాని పరికరం చేరతానంటే, 18 అనే సంఖ్యతో జవాబిస్తుంది: మా తప్పనిసరి వేగాలు నీకు రావు, చేర్చుకోలేం. ఈ ఏర్పాటును 2009లో వచ్చిన 802.11ఎన్ ప్రమాణం చాలా తెలివిగా వాడుకుంది. కొత్త తరం పరికరాలకు మాత్రమే చోటున్న నెట్‌వర్క్ నడపాలనుకుంటే, రూటర్ తన తప్పనిసరి వేగాల జాబితాలో 127 అని ఒక సంఖ్య చేరుస్తుంది. అర మెగాబిట్ల లెక్కన 63.5 ఎంబీపీఎస్, అంటే ఏ కాలంలోనూ లేని వేగం. కొత్త పరికరాలకు దాని అసలు అర్థం తెలుసు. పాత పరికరం దాన్ని వేగం అనుకుని, నాకిది రాదని తనంతట తానే తప్పుకుంటుంది. పదేళ్ల కింద తయారై, ఇక ఎన్నడూ మార్పు చేయలేని పరికరానికి కూడా అర్థమయ్యేలా చెల్లని అంకెతో కంచె కట్టారు. ప్రమాణాలు రాసేవాళ్ల దూరదృష్టికి ఇంతకన్నా అందమైన ఉదాహరణ నాకు కనపడలేదు. అయితే ఇది పనిచేయాలంటే పాత డ్రైవర్ నిజాయితీగా ఉండాలి. తెలియని అంకెను చూసీ చూడనట్టు వదిలేసే డ్రైవర్ కంచె దాటొచ్చి, లోపల ఎవరి మాటా అర్థంకాక నిలబడుతుంది.

వేగాన్ని మనిషే చేత్తో కట్టేయాల్సిన చోట్లూ ఉన్నాయి, ఊళ్ల మధ్య దూరపు లింకులు అలాంటివి. ఆంధ్రప్రదేశ్‌లో వైఫైని ఇంటి గోడల బయటకు, ఊళ్ల మధ్యకు తెచ్చిన ప్రయోగం పశ్చిమ గోదావరిలో జరిగింది. బైర్రాజు ఫౌండేషన్ భీమవరం పరిసరాల్లో అశ్విని పేరుతో ఎత్తైన టవర్ల మీద దిశ చూపే యాంటెన్నాలు కట్టి, పల్లెలను మామూలు 802.11 పరికరాలతోనే కలిపింది. వీడియోలో వైద్య సలహాలు, పాఠాలు దాని లక్ష్యం. ఐఐటీ కాన్పూర్‌లో అప్పుడు పనిచేస్తున్న భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు ఇలాంటి దూరపు లింకులను కొలిచి చూశారు. 2006లో సయాన్‌దీప్ సేన్‌తో కలిసి ప్రచురించిన వ్యాసంలో, సిగ్నల్ బలాన్ని బట్టి తప్పుల శాతం సిద్ధాంతం చెప్పినట్టే ఉందనీ, లింకులను చెడగొడుతున్నది పక్కనున్న ఇతర వైఫైల జోక్యమనీ తేల్చారు.

దూరపు లింకుల్లో వేగం దానంతటదే మారే పద్ధతి ఎలా దారి తప్పుతుందో చూడండి. రేడియో అల కిలోమీటరు దాటడానికి 3.3 మైక్రోసెకన్లు పడుతుంది. 30 కిలోమీటర్లు పోయి జవాబు తిరిగి రావాలంటే 200 మైక్రోసెకన్లు. ఇళ్ల కోసం చేసిన కార్డు అంతసేపు ఆగదు. జవాబు దారిలో ఉండగానే రాలేదని తీర్మానించి, వేగం తగ్గించి మళ్లీ పంపుతుంది. మళ్లీ అదే కథ. సిగ్నల్ నిండుగా ఉన్నా లింకు 1 ఎంబీపీఎస్‌కు జారిపోతుంది. అందుకే దూరపు లింకులు కట్టేవాళ్లు ముందు నిరీక్షణ సమయాన్ని పెంచి, వేగాన్ని చేత్తో ఖాయం చేస్తారు. వేగం కట్టేయడానికి న్యాయమైన కారణమున్న చోటు అదే. గోదావరి డెల్టా బల్లపరుపు నేల, టవర్ ఎక్కితే చూపు ఆనినంత దూరం అడ్డం లేదు. గిద్దలూరులో నిలబడి నంద్యాల వైపు చూస్తే నల్లమల అడ్డం. సరైన చోటు దొరికితే దూరానికి హద్దు ఎక్కడుందో వెనెజువెలాలో చూశారు. 2007లో ఎర్మాన్నో పియెత్రోసెమొలి బృందం ఒక కొండ నుంచి ఇంకో కొండకు 382 కిలోమీటర్ల వైఫై లింకు నడిపింది.

తక్కువ వేగాల మీద కోపానికి కూడా కారణం ఉంది. 1500 బైట్ల ప్యాకెట్ పంపడానికి 1 ఎంబీపీఎస్‌లో 12 మిల్లీసెకన్లు కావాలి. 11లో ఒకటికి కాస్త ఎక్కువ. 54లో అయితే పావు మిల్లీసెకను కూడా పట్టదు. వైఫైలో వంతు వచ్చినవాడు ఎంతసేపు మాట్లాడినా మిగతావాళ్లు ఆగాలి. దూరంగా ఉన్న ఒక్కడు 1 ఎంబీపీఎస్‌లో మాట్లాడితే 11లో ఉన్నవాళ్లందరి వాటా కూడా ఒకటి కిందికి పడిపోతుందని 2003లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు చూపించారు. దాంతో చాలాచోట్ల నిర్వాహకులు తక్కువ వేగాలను తీసేయడం మొదలుపెట్టారు. రైల్వే స్టేషన్లు, కాలేజీ హాళ్లలాగా రూటర్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట అది సబబే. ఒక్క రూటర్‌తో రెండు పోర్షన్లు నడిచే ఇంట్లో తక్కువ వేగాలు తీసేస్తే, వెనక గదిలో ఆన్‌లైన్ పాఠం వింటున్న పిల్లకు ఉన్న ఒక్క దారీ మూసినట్టే.

ఈ పేచీకి కుదురైన పరిష్కారం లినక్స్‌లో దొరికింది. డెరెక్ స్మితీస్ రాసిన మిన్‌స్ట్రెల్ అనే పద్ధతిని ఫెలిక్స్ ఫీట్‌కౌ 2008లో కెర్నెల్‌లోకి తెచ్చారు. ఇది పోయిన ప్యాకెట్‌ను చూసి కంగారుపడదు. ప్రతి వేగానికీ గెలుపు శాతం లెక్కగట్టి ఉంచుకుంటుంది. పదింట ఒక ప్యాకెట్‌ను వేరే వేగాల్లో పంపి చూస్తుంది. ఏ వేగంలో నిజంగా ఎక్కువ సమాచారం అవతలికి చేరుతోందో దాన్నే వాడుతుంది. అది విఫలమైతే రెండో మంచిది, తరవాత ఎక్కువ నమ్మకమైనది, చివరికి అన్నిటికన్నా తక్కువది. పెద్ద అంకె కోసం పాకులాడకుండా చేరిన సరుకును లెక్కపెట్టడం దాని గొప్పతనం.

ఇంతలో జాబితా పెద్దదైపోయింది. పలు యాంటెన్నాలతో ఒకేసారి పలు ధారలు పంపవచ్చన్న ఆలోచనకు 1990ల మొదట్లో పునాది వేసినవారిలో ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ ముఖ్యులు. తమిళనాడులో పుట్టి, భారత నౌకాదళంలో పనిచేసి, స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. ఆ పద్ధతి 802.11ఎన్‌లోకి వచ్చాక వేగాలకు ఎంసీఎస్ అని వరస సంఖ్యలు పెట్టారు, 0 నుంచి 76 దాకా. 2013 నాటి 802.11ఏసీలో ఈ సంఖ్య 0 నుంచి 9, దానికి తోడు ధారల సంఖ్య, పట్టీ వెడల్పు. మూడూ కలిస్తే ఒక వేగం. ఆ కలయికల్లో కొన్నింటిని ప్రమాణమే చెల్లవని కొట్టేసింది.

కారణం చిన్నపిల్లలు చేసే లెక్క. 20 మెగాహెర్ట్జ్ పట్టీలో సమాచారం మోసే ఉపవాహకాలు, అంటే పట్టీని చీల్చిన సన్నని పాయలు, 52. ఎంసీఎస్ 9లో ఒక్కోదాని మీద 8 బిట్లు. మొత్తం 416. రక్షణ 5/6 కాబట్టి అసలు బిట్లు 416 ఇంటూ 5, బై 6. అంటే 346.67. బిట్టును ముక్కలు చేయలేం. కాబట్టి ఒక ధారతో ఈ వేగం చెల్లదు. మూడు ధారలైతే 1248 మీద లెక్క 1040కి సరిగ్గా కుదురుతుంది, అది చెల్లుతుంది. ఇంత స్పష్టమైన నిషేధం ఉన్నా కొన్ని చిప్‌లు తమ సొంత పద్ధతిలో ఈ వేగాన్ని వాడేస్తున్నాయి. లినక్స్ కెర్నెల్‌లో వేగాలు లెక్కగట్టే పట్టికలో ఆ స్థానంలో 86.7 ఎంబీపీఎస్ రాసి, ఇది ప్రమాణంలో లేదు కానీ కొన్ని పరికరాలు వాడుతున్నాయని పక్కన ఒక వ్యాఖ్య పెట్టారు. సంకేతాల మధ్య విరామం తగ్గించినప్పుడు అదే వేగం 96.3 అవుతుంది. మీ ఫోన్‌లో లింక్ స్పీడ్ ఎప్పుడైనా 96 అని కనిపిస్తే మీరు చూస్తున్నది ప్రమాణం ఒప్పుకోని వేగం. 2021లో ఆమోదం పొందిన 802.11ఏఎక్స్‌లో అదే వెడల్పులో ఉపవాహకాలు 234 అయ్యాయి. 234 ఇంటూ 8, దానిలో అయిదారో వంతులు, సరిగ్గా 1560. ఆ గొయ్యి అక్కడితో పూడిపోయింది.

ఇంట్లో రూటర్ సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌మిషన్ రేట్ అనే వరస ఉంటే దాన్ని ఆటోలోనే ఉంచండి. వేగం పెరుగుతుందని ఎవరైనా దాన్ని పై అంకెకు కట్టేస్తే, దగ్గరి గదిలో తేడా కనపడదు, దూరపు గదిలో నెట్ పోతుంది. రూటర్‌ను కిటికీ మూలలోంచి ఇంటి నడుమకు మార్చడం వల్ల వచ్చే లాభం ఆ సెట్టింగ్‌లో ఎన్నటికీ దొరకదు.

మార్కాపురం ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్ చదువుతున్న పిల్లలకు ఒక మాట. లినక్స్ వైఫై డ్రైవర్ల కోడ్ మొత్తం ఎవరైనా చదవడానికి తెరిచే ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, అనుమతి అడగక్కర్లేదు. ఒక పాత ల్యాప్‌టాప్ తీసుకోండి. కార్డుకు తెలియని వేగం ఒకటి అడగండి. మైనస్ 22 వస్తే ఆ జవాబు ఏ ఫైలులో, ఏ వరసలో పుట్టిందో వెతికి పట్టుకోండి. జవాబేమీ రాకుండా సరే అంటే, ఆ డ్రైవర్‌లో దిద్దాల్సిన తప్పు మీకు దొరికినట్టే. దిద్ది పంపండి, కెర్నెల్ నిర్వాహకులు చూస్తారు.